నొప్పి, నరం, కరెంటు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య విషయమై నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శిగారు కోరారు. మేము డాక్టర్లం కాము. ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పుకునేవాళ్లం. తెలుగులో ఎందుకు మాట్లాడుతున్నామంటే, మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు తెలుగు, ఇంగ్లీషు బడులకే పోతున్నారు. ఇంట్లో మందు చీటీ చదివి పెట్టేది కూడా వాళ్లే. వాళ్లకు అర్థమైతే ఇంటిల్లిపాదికీ అర్థమైనట్టే.

మేము ఎత్తుకున్న విషయం నొప్పి. నొప్పి లేని ఇల్లు మన మూడు ఊళ్లలో ఎక్కడ వుంది? పాలమూరు కూలీ అంటే దేశమంతా తెలుసు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా అక్కడికి మనవాళ్లు మూటాముల్లె కట్టుకుని పోయారు. యాభై ఏళ్లకు తిరిగి వచ్చేనాటికి చేతిలో పైసలు మిగిలినా మిగలకున్నా నడుము నొప్పి మాత్రం మిగిలింది. గద్వాలలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చునేవారికి మెడ పట్టేస్తుంది. కుట్టుమిషన్ తొక్కేవారికి మోకాళ్లు. ఆటో నడిపేవారికి వెన్ను. శుక్రవారం నాడు మసీదులో చూడండి, వెనుక గోడ పొంటి కుర్చీల వరుస ఏటేటా పెరుగుతున్నది.

దీనికి మనం చేస్తున్న వైద్యం ఏమిటి? పొద్దున ఒక గోలీ, రాత్రి ఒక గోలీ. పని ఎక్కువైన నాడు వాడలో వున్న వైద్యుని దగ్గర ఒక సూది. గోలీ పేరు అడిగితే తెలియదు. "ఎర్ర గోలీ", "సన్న గోలీ" అంటారు. వాటిలో ఎక్కువ భాగం డైక్లోఫినాక్ వంటివి. నాలుగు రోజులు వాడితే మేలే. నాలుగేళ్లు వాడితే కడుపులో పుండు పడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. షుగరు, బీపీ వున్నవారికి మరీ తొందరగా.

పిల్లలకు ఈ సంగతి చెప్పేటప్పుడు మేము రాబందుల కథ చెబుతాం. మన చిన్నతనంలో ఊరవతల పశువు చస్తే గుంపులుగా వచ్చి వాలేవి. ఇప్పుడు ఎక్కడైనా కనబడుతున్నాయా? పశువులకు నొప్పులు తగ్గాలని డైక్లోఫినాక్ సూదులు వేశారు. ఆ పశువు చచ్చాక దాని మాంసం తిన్న రాబందులకు మూత్రపిండాలు పాడై, దేశమంతటా లక్షల సంఖ్యలో చచ్చిపోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడరాదని ప్రభుత్వం నిషేధించింది. పక్షి ఒళ్లు వేరు, మనిషి ఒళ్లు వేరు, నిజమే. అయినా ఏ అవయవం మీద పడుతుందో ఆ కథ చెబుతుంది.

సరే, గోలీ కాక మరేముంది? ఇక్కడే నరం సంగతి వస్తుంది.

తెలుగులో నరం అనే మాట పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. చేతి మీద నీలంగా కనబడేదీ నరమే, సూది గుచ్చేదీ నరమే, కాలు బెణికితే పట్టేదీ నరమే. ఉర్దూలో "నస్" అన్నా అదే గందరగోళం. మేము ఈ రోజు చెప్పేది రక్తం పారే గొట్టం గురించి కాదు. హకీములు "అసబ్" అనే దాని గురించి. చర్మం నుండి, కండ నుండి, కీలు నుండి వార్తను వెన్నుపాముకు, అక్కడి నుండి మెదడుకు మోసుకుపోయే తీగ అది. వేలు కాలితే నొప్పి వేలులో వుందనుకుంటాం. వేలు వార్త పంపింది, అంతే. "అమ్మో" అన్నది మెదడు.

ఈ తీగలు ఒకే తీరువి కావు. స్పర్శను మోసేవి లావు, వాటిలో వార్త వేగంగా పోతుంది. ఉండి ఉండి సలిపే నొప్పిని మోసేవి సన్నం, నిదానం. రెండూ వెన్నుపాములో ఒకచోట కలుస్తాయి. 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక మాట చెప్పారు. ఆ కలిసే చోట ఒక దర్వాజా వంటిది వున్నదట. స్పర్శ వార్తలు గుంపుగా వచ్చి పడితే నొప్పి వార్తకు దర్వాజా మూసుకుంటుంది. బస్టాండులో పల్లెవెలుగు బస్సు ఆగగానే కుర్రవాళ్లంతా తలుపు దగ్గర కమ్ముకుంటారు కదా, బియ్యం మూట నెత్తిన పెట్టుకున్న ముసలాయన కిందనే నిలబడిపోతాడు. ఆ ముసలాయన నొప్పి అనుకోండి. ఆయన పోలేదు, వెనుక బడ్డాడు. తరువాతి కాలంలో ఈ సిద్ధాంతానికి చాలా సవరణలు జరిగాయి గాని మూలమైన సంగతి నిలిచింది.

పుస్తకం చదవకుండానే ప్రతి తల్లికీ ఇది తెలుసు. పిల్లవాడు పడి మోకాలు కొట్టుకుంటే తల్లి ఏం చేస్తుంది? అక్కడ చేత్తో గబగబ రాస్తుంది. ఏడుపు తగ్గుతుంది. ఆమె లావు తీగలను లేపి సన్న తీగను వెనుకకు నెట్టిందన్నమాట.

తల్లి చేయి చేసే పనిని కొద్దిపాటి కరెంటుతో చేయించటమే నరాల ఉత్తేజన చికిత్స. 1967లో వాల్, స్వీట్ అనేవారు మనుషుల మీద చేసి చూపించారు. అదే ఏడు అమెరికాలో నార్మన్ షీలీ అనే శస్త్రవైద్యుడు ఒక రోగి వెన్నుపాము దగ్గర కరెంటు తీగ అమర్చి నొప్పి తగ్గించాడు.

ఇదంతా ఫిరంగులు నిన్న మొన్న కనిపెట్టిందని అనుకోవద్దు. రెండు వేల ఏండ్ల కింద రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్, తలనొప్పికి, కాలి వాతానికి కరెంటు కొట్టే సముద్రపు చేపను వాడమని రాశాడు. నైలు నదిలో అటువంటి చేప ఒకటి వుంది. అరబ్బీలో దాని పేరు "రఅద్". ఉరుముకు వాడే మాట కూడా ఆ కుదురుదే. మన ఇబ్నె సీనా "అల్ ఖానూన్"లో నొప్పులను 15 రకాలుగా విడదీశాడు. గుచ్చే నొప్పి, సలిపే నొప్పి, బరువు నొప్పి, ఇట్లా. ఈ రోజున కూడా నొప్పి వైద్యుని దగ్గరికి పోతే ఆయన అడిగే మొదటి ప్రశ్న "ఎట్లాంటి నొప్పి?" అనే. కాబట్టి పోయేముందు మీ నొప్పిని మీరే కాస్త గమనించి పోండి. "మొత్తం నొప్పే సార్" అంటే ఆయన ఏం రాస్తాడు?

హైదరాబాదు పేరు కూడా ఈ చరిత్రలో వుంది. 1888, 1889 సంవత్సరాలలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చు భరించగా, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఎడ్వర్డ్ లారీ నాయకత్వాన క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. శస్త్రచికిత్సలో నొప్పి తెలియకుండా ఎట్లా చేయాలి, క్లోరోఫాం ప్రాణం ఎట్లా తీస్తుంది అనే ప్రశ్నను తేల్చటానికి లండను నుండి డాక్టరును పిలిపించారు. లారీ చేసిన వాదన చివరకు తప్పని తేలింది. అది వేరే కథ. నొప్పి తీయటానికి ఖజానా తెరిచిన ఊరు మనదని చెప్పటానికే ఎత్తాం.

ఇప్పుడు యంత్రం సంగతి. దీనిని టెన్స్ అంటారు. మన చేతిలో పట్టే డబ్బా, బ్యాటరీతో నడుస్తుంది. రెండు వైర్లు, వాటి చివర బంక అంటిన మెత్తటి పట్టీలు. నొప్పి వున్నచోట చర్మం మీద అతికించి మీట తిప్పితే చీమలు పాకినట్టు జిమజిమ వస్తుంది. మంట పుట్టరాదు, కండ గట్టిగా కొట్టుకోరాదు. బలంగా, కాని హాయిగా వుండాలి. అరగంట మొదలు గంట వరకు పెట్టవచ్చు. సెకనుకు 80, 100 సార్లు కొట్టే తీరు ఒకటి, 2 మొదలు 4 సార్లు కొట్టే తీరు ఒకటి. మొదటిది ఇందాక చెప్పిన దర్వాజా పని చేస్తుంది. రెండవదానితో మన ఒంటిలోనే వున్న నొప్పి మందు బయటికి వస్తుంది. ఆశ్చర్యపోకండి, అల్లా మన మెదడులోనే అఫీము వంటి పదార్థాన్ని పెట్టాడు. 1975లో హ్యూస్, కోస్టర్‌లిట్జ్ అనే వారు దానిని పట్టుకున్నారు.

ఫిజియోథెరపీ కేంద్రాలలో ఈ యంత్రం మామూలుగా వుంటుంది. ఇంటికి కొనుక్కునే చిన్న డబ్బా రెండు మూడు వేలలో దొరుకుతుంది.

ఇది పనిచేస్తుందా అని సూటిగా అడిగితే, సూటిగానే చెబుతాం. 2022లో 381 ప్రయోగాలను ఒకచోట చేర్చి చూస్తే, పట్టీ పెట్టి వున్నంతసేపు, తీసిన వెంటనే నొప్పి తగ్గుతున్నదని తేలింది. రోజుల తరబడి తగ్గుతుందని గట్టిగా తేలలేదు. నడుము నొప్పికి ఇది వాడవద్దని ఇంగ్లాండులో వైద్య సలహాలిచ్చే ప్రభుత్వ సంస్థ 2016లో చెప్పింది కూడా. రోజూ పెట్టగా పెట్టగా ఒంటికి అలవాటై పట్టు తగ్గుతుంది. కాబట్టి ఇది జబ్బును కుదిర్చే మందు కాదు. మోకాలి నొప్పి మనిషి ఈ అరగంట ఉపశమనంలో లేచి నాలుగడుగులు వేసి, చెప్పిన వ్యాయామం చేసుకుంటే ఆ వ్యాయామం మేలు చేస్తుంది. డబ్బా పెట్టుకుని మంచం మీద పడుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది. ఒక గోలీ తగ్గినా మూత్రపిండానికి లాభమే గదా అని మా లెక్క.

పెట్టుకోరాని వాళ్లు ఎవరంటే, గుండెలో పేస్‌మేకర్ వున్నవారు. మూర్ఛ వున్నవారు డాక్టరును అడగకుండా ముట్టరాదు. గర్భిణీలు కడుపు మీద, నడుము మీద పెట్టరాదు. గొంతు ముందు భాగంలో, గుండె మీద, పుండు మీద ఎవరూ పెట్టరాదు. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవారికి కరెంటు ఎంత వస్తున్నదో తెలియదు, చర్మం కాలవచ్చు. ఇంకొకటి, కొత్తగా వచ్చిన నొప్పికి కారణం తెలియకముందే డబ్బా పెట్టరాదు. ఛాతీ నొప్పికి పట్టీ అంటించుకుని కూర్చున్నవాడు ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు.

ఈమధ్య ఊళ్లో హాలు కిరాయికి తీసుకుని కరెంటు మంచం, అయస్కాంతం పట్టా, రాగి కడియం అమ్మేవారు దిగుతున్నారు. పది రోజులు పుణ్యానికి పండుకోబెట్టి, పదకొండవ రోజు లక్ష రూపాయల బిల్లు చూపుతారు. షుగరు, గుండె, సంతానం అన్నీ దానితోనే కుదురుతాయంటారు. అన్నిటికీ పనిచేస్తుందన్నది దేనికీ పనిచేయదని మా సైన్సు పాఠంలో మొదటి రోజే చెబుతాం. టెన్స్ డబ్బా గురించి మేము ఎన్ని షరతులు చెప్పామో చూశారు గదా. నిజమైన వస్తువుకు షరతులు వుంటాయి.

వెన్నుపాము పక్కన తీగ, చర్మం కింద చిన్న యంత్రం అమర్చే పద్ధతి ఒకటుంది. వెన్ను ఆపరేషను చేసినా తగ్గని కాలు నొప్పికి వాడుతారు. షుగరు వల్ల పాదాల మంటలకు కూడా వాడవచ్చని 2021లో అమెరికాలో అనుమతి యిచ్చారు. హైదరాబాదు వంటి నగరాలలో చేస్తారు గాని లక్షల మీద మాట. ముందు బయటి నుండి తాత్కాలికంగా తీగ పెట్టి కొన్ని రోజులు చూసి, నొప్పి సగానికైనా తగ్గితేనే లోపల అమర్చాలి. ఆ పరీక్ష లేకుండా ఎవరైనా ఆపరేషనుకు తేదీ యిస్తే మరొక డాక్టరును అడిగి కదలండి.

యివన్నీ ఎందుకు వెదుకుతున్నారు ప్రపంచంలో? అఫీము భయం వల్ల. అమెరికాలో 1996 నుండి ఆక్సీకాంటిన్ అనే అఫీము జాతి గోలీని మామూలు నడుము నొప్పికి కూడా విచ్చలవిడిగా రాశారు. అలవాటు పడరని కంపెనీ చెప్పింది, అది అబద్ధమని తరువాత కోర్టులో ఒప్పుకోవలసి వచ్చింది. 2021, 2022 సంవత్సరాలలో ఏడాదికి 80 వేలకు పైగా మనుషులు అక్కడ అఫీము జాతి మందులవల్ల చచ్చిపోయారు. అందులో ఎక్కువ భాగం దొంగచాటుగా వచ్చే ఫెంటానిల్ వల్లనే గాని, మొదటి దారి వేసింది గోలీలే. మన దగ్గర కూడా ట్రమడాల్ గోలీ చేతులు మారుతూ వుంటే 2018లో దానిని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. అది చీటీ లేకుండా యిచ్చే దుకాణం వైపు పోకండి. కాలేజీ పిల్లల తండ్రులు ఈ మాట ప్రత్యేకంగా వినాలి.

అయితే అమెరికా కథ విని మనం కూడా అఫీము మందును చూసి పారిపోవాలా? ఇక్కడ మేము గొంతు పెంచి చెప్పదలిచాం, ఎందుకంటే మన దగ్గర సంగతి తారుమారుగా వుంది. మోకాలి నొప్పికి గోలీలు మింగుతున్నాం. క్యాన్సరుతో రాత్రంతా అరుస్తున్న మనిషికి మాత్రం మార్ఫిన్ యివ్వనివ్వం.

అఫీమును చట్టబద్ధంగా పండించే దేశం మనది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో పొలాలు, నీమచ్, గాజీపూర్‌లలో ప్రభుత్వ కర్మాగారాలు వున్నాయి. మార్ఫిన్ దాని నుండే వస్తుంది. కాని 1985లో మత్తుమందుల చట్టం వచ్చాక ఆసుపత్రులు లైసెన్సుల బాధకు, జైలు భయానికి మార్ఫిన్ పెట్టటమే మానేశాయి. ఏటా వందల కిలోలు వాడిన దేశంలో 1997 నాటికి వాడకం 18 కిలోలకు పడింది. ఇంత పెద్ద దేశానికి 18 కిలోలు! 2014లో చట్టం సవరించి లైసెన్సు తేలిక చేశారు. చట్టం మారింది గాని ఇళ్లలో భయం మారలేదు.

"మార్ఫిన్ పెట్టారంటే ఇక ఆశ లేదన్నమాట" అంటారు. కాదు. నొప్పి తగ్గితే మనిషి నాలుగు ముద్దలు తింటాడు, నిద్రపోతాడు, మిగతా వైద్యానికి ఓర్చుకుంటాడు. "అలవాటు పడతాడు" అంటారు. నొప్పికి తగిన మోతాదులో, గడియారం చూసి నాలుగు గంటలకొకసారి డాక్టరు చెప్పినట్టు యిస్తే క్యాన్సరు రోగి వ్యసనంలో పడటం చాలా అరుదు. మలబద్ధకం తప్పదు, దానికి వేరే మందు యిస్తారు. ఎక్కువ మగతగా వున్నా, ఊపిరి మందగించినా వెంటనే చెప్పాలి. మనమే మోతాదు పెంచరాదు, చటుక్కున ఆపనూ రాదు.

"నషా కదా, హరామ్ కదా" అని పెద్దవాళ్లు నోరు మూసుకుని బాధ పడతారు. వేరే దారి లేని రోగికి వైద్యుడు కొలత ప్రకారం యిచ్చే మందుకు, సరదాకు మత్తెక్కించుకోవటానికి మన ఫిఖహ్‌లో తేడా వుంది. అత్యవసరం అనే సూత్రం ఉలమాలు ఎప్పటినుండో చెబుతున్నదే. మేము ముఫ్తీలం కాము, మీ ఆలిమ్‌సాబును అడగండి. కాని రోగి అడగలేని స్థితికి రాకముందే అడగండి.

మార్ఫిన్ అవసరమైన నొప్పికి టెన్స్ డబ్బా సరిపోతుందని మేము చెప్పటం లేదు. ఎముకకు పాకిన క్యాన్సరును జిమజిమ ఆపలేదు. అమెరికావాడికి ప్రత్యామ్నాయం కావాలి, ఎందుకంటే అక్కడ అఫీము ఎక్కువైంది. మనకు రెండూ కావాలి.

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వున్నది. 1955లో పుట్టింది. మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద నడుస్తున్నది. ఆయనే తరువాత 1960లో గుజరాత్ మొదటి గవర్నరు అయ్యాడు. ఆ ప్రభుత్వ ఆసుపత్రిలో నొప్పికి, ఉపశమనానికి ప్రత్యేక విభాగం నెలకొల్పిన డాక్టర్ గాయత్రి పాలాట్ వంటివారి శ్రమవల్ల మార్ఫిన్ పేదవానికి అందింది. తెలంగాణలో "ఆలన" పేరుతో జిల్లాలలో కూడా ఉపశమన కేంద్రాలు తెరిచారు. మన మూడు ఊళ్లు 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కు 2022లో, గద్వాలకు 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. గద్వాల నుండి హైదరాబాదు రెండు వందల కిలోమీటర్లకు దగ్గర. నొప్పితో వున్న మనిషిని బస్సులో కూర్చోబెట్టే ముందు మన జిల్లా ఆసుపత్రిలో "ఆలన ఎక్కడ?" అని అడగటం నేర్చుకోవాలి.

కార్యవర్గానికి మా విన్నపాలు రెండున్నాయి. గద్వాలకు ఒకటి, వనపర్తికి ఒకటి, నాగర్‌కర్నూల్‌కు ఒకటి చొప్పున మూడు టెన్స్ యంత్రాలు సంఘం కొనాలి. ఫిజియోథెరపీ డాక్టరు చీటీ తెచ్చినవారికి పదిహేను రోజులకు అరువియ్యాలి. పట్టీలు మాత్రం ఎవరివి వారే కొనుక్కోవాలి, ఒకరి చర్మానికి అంటినవి ఒకరికి మంచిది కాదు. రెండవది, క్యాన్సరు రోగిని మొదటిసారి హైదరాబాదు తీసుకుపోయే ఇంటికి తోడుగా, ఆసుపత్రి కిటికీలు తెలిసిన మనిషిని ఒకరిని పంపాలి. బయాప్సీ రిపోర్టు, పాత స్కానులు, ఆధార్, ఆరోగ్యశ్రీ కాగితాలు ఒకే సంచిలో పెట్టించటమే సగం పని. ఆ సంచి సర్దటానికి మా పదవ తరగతి పిల్లలు కొందరు ముందుకు వచ్చారు.

ఫిజియోథెరపీ చేసే మన పిల్లవాడొకడు యంత్రం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. సభ అయ్యాక చేతికి పెట్టి చూపిస్తాడు, ఆడవాళ్లకు ఆయన చెల్లెలు లోపల గదిలో చూపిస్తుంది. పేస్‌మేకర్ వున్నవాళ్లు, మూర్ఛ వున్నవాళ్లు, గర్భిణీలు మాత్రం వరుసలో నిలబడవద్దు, చాయ్ దగ్గరికి పొండి.